పద్నాలుగో వరుస తర్వాత

హైదరాబాదు నుంచి వచ్చినాయన
రెండు రోజులు ఏసీ గదిలో గళ్లు గీసి చూపించాడు.
అడ్డంగా నష్టం ఎంత, నిలువుగా జరిగే వీలెంత,
ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.
మూడో రోజు ఏటుకూరు రోడ్డులో
సగం లేచిన కోల్డ్ స్టోరేజీ ముందు
ఆ రంగుల కాగితంతో నిలబడ్డాను
ముక్కుకి చున్నీ చుట్టుకుని.
గుంటూరు కొత్తవాళ్లని తుమ్ములతోనే పలకరిస్తుంది.

పద్నాలుగో వరుస: అమ్మోనియా లీకు.
జరిగే వీలు: తక్కువ. రంగు: పసుపు.
ఫిట్టర్ సైదాకి చదివి వినిపిస్తే
"తక్కువంటే ఎంతమ్మా?" అని
ఎడమ చెయ్యి చాపాడు.
మూడు వేళ్ల మీద చర్మం
పాత మైనంలా మెరుస్తోంది.
"నిప్పుకి కాదు, చలికి కాలింది.
చేతులు కాలాక ఆకులు పట్టుకుందామన్నా
దీనికి ఏ ఆకూ పనికిరాదు. నీళ్లే."

ఆ సాయంత్రం చెప్పిన పాఠానికి స్లైడ్లు లేవు.
కండెన్సర్ పక్క రాటకి లుంగీ పేలిక కట్టి
"ఇది ఊగిన వైపు గాలి పోతన్నట్టు.
దానితో పాటు పరిగెత్తమాక, అడ్డంగా పో" అన్నాడు.
కళ్లు మూసుకుని తడిగుడ్డ తెమ్మన్నాడు.
రెండుసార్లు డ్రమ్ముకి మోకాలు కొట్టుకున్నాను.
మూడోసారి తెచ్చాను.
రిజిస్టర్లో శిక్షణ పూర్తి అని రాయబోతే నవ్వాడు:
"రేపు ఆ డ్రమ్ము ఎవడో ఒకడు జరుపుతాడుగా."

ఫిబ్రవరి ఇరవై.
గొట్టాల్లో నైట్రోజన్ బిగించి రాత్రంతా ఉంచాం.
పొద్దునకి ముల్లు కాస్త దిగింది.
"చలికి దిగుద్దిలే, ఎండెక్కితే అదే లేస్తది"
వాచీ చూసుకుంటూ మేనేజరు గోవర్ధనరావు.
బయట తేజ టిక్కీల లారీలు
బైపాస్ దాకా.

ఆయన అన్నది అబద్ధం కాదు.
చలికి ముల్లు దిగుతుంది.
చిక్కు అక్కడే ఉంది,
ప్రమాదం సగం నిజాన్ని తోడు తెచ్చుకుని
పెళ్లిచూపులకి వచ్చినట్టు వస్తుంది.
ఎండెక్కింది. పదకొండు. పన్నెండు.
ముల్లు లేవలేదు.

సబ్బు నురగ బకెట్టుతో సైదా
జాయింటు జాయింటుకీ బ్రష్షు తిప్పుకుంటూ పోయాడు.
రెండో గది పైన, నిచ్చెన చివర
ఆవగింజంత బుడగ
ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బింది.
నాలుగు రోజులు వాయిదా అని రాసి సంతకం పెట్టాను.
ఆ సంతకం నాదిలా లేదు.

నాలుగో రోజు గ్యాసు ఎక్కించాం.
గంధకం వత్తి వెలిగించి
దర్గాలో సాంబ్రాణి పట్టినట్టు
ప్రతి జాయింటుకీ పట్టాడు సైదా.
తెల్లపొగ రాలేదు.
ఏమీ జరగలేదు.
ఏమీ జరగకపోవడాన్ని ఫొటో తీసి
యజమానికి పంపలేం.

ఇక్కడితో ఆపితే బాగుండేది.
కానీ ముందు రోజు రాత్రి వాన పడింది,
కాలం కాని కాలంలో, గంటన్నర.
వరుసలో ఆగిన లారీ మీద పట్టా చిరిగిన చోట
పెదనందిపాడు నుంచి వచ్చిన
కౌలు రైతు అంకమ్మ కాయలు,
పదకొండు టిక్కీలు, నానిపోయాయి.
తెల్లారి మా సిమెంటు గచ్చు మీద పరుచుకుంది.
తిట్టలేదు.
"మీ మిషను ఇప్పుడు బాగుందా అమ్మా?" అంది.

నా రిజిస్టర్లో వాన ఉంది. ఆరో వరుస.
కాంక్రీటు మీద పడే వాన.
ఆగమని నేను రాసిన నాలుగు రోజుల మీద పడే వాన
ఏ వరుసలోనూ లేదు.

పదిహేనో వరుస గీశాను.
మనం ఆగితే తడిసేది ఎవరు?
బాధ్యుల గడిలో నా పేరు రాశాను.
రంగు గడి ఖాళీగానే ఉంది.
ఎదురుగా ఆమె వంగి కాయలు తిరగేస్తోంది.
పెన్ను జేబులో పెట్టి
అటు చివరి నుంచి నేనూ మొదలుపెట్టాను.

రాత్రి అన్నం కలిపేటప్పుడు కూడా
వేళ్లు మండుతూనే ఉన్నాయి.