అట్ట ఇక్కడిది

ఎర్రగడ్డ ఆదివారం అంగట్లో
పాత మిక్సీలకూ కాళ్లు విరిగిన కుర్చీలకూ మధ్య
నీలం అట్ట ఒకటి ఎండలో వెల్లకిలా పడుంది.
మెట్ల మీద ఒక మనిషి, ఒళ్లో ట్రంపెట్,
ఫొటో ఇష్టం లేనట్టు మొహం పక్కకు తిప్పుకుని.
పేరులో ఒక అక్షరానికి నడుం మీద అడ్డంగా కర్ర.
చెయ్యి పెట్టి చూశాను.
చీమ ఒకటి బయటికొచ్చింది. రికార్డు లేదు.

"ఖాలీ హై మేడం, బీస్ దేదో" అన్నాడు సత్తార్ భాయ్.
ఖాళీకి ఇరవై ఏంటని బేరమాడి
పదిహేనుకి తెచ్చుకున్నాను.
అక్క అడిగింది: అన్నం లేని ఇస్తరాకు ఎందుకే నీకు?

జవాబు చెప్పడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

ఆ రికార్డు ధర తెలిసిన రాత్రి
ఫోను బోర్లించి పడుకున్నాను.
టోక్యోలో ఉన్నది నా నెల అద్దె.
బెర్లిన్‌లో ఉన్నది కాస్త నయం,
కానీ దాన్ని విమానం ఎక్కించడానికి దానికి మూడింతలు.
ఆపైన సుంకం. సుంకం మీద పన్ను.
పన్ను కట్టించుకున్నందుకు కొరియరువాడి కూలి.
నారాయణగూడ ల్యాబ్‌లో
పొద్దుట్నించి సూదులు గుచ్చేదాన్ని నేను.
ఎవరి ఒంట్లోంచి ఎంత రక్తం తీయాలో నాకు తెలుసు.
వీళ్లకి తెలిసినట్టు లేదు.

అప్పుడు దొరికారు ఈ ముగ్గురు.
తిరుమలగిరి రెజినాల్డ్ సారు, రిటైరైన బ్యాండు మాస్టరు.
టోలీచౌకి ముజ్తబా, ఏసీలు విప్పుతూ పియానో వింటాడు.
కాచిగూడలో మిఠాయి కొట్టున్న కృపానిధి.
ఒక్కరుగా తెప్పించుకుంటే మునుగుతాం,
నలుగురం కలిస్తే ఒకే డబ్బా, ఒకే తపాలా ఖర్చు.
డబ్బా విప్పేది కొట్టు వెనక గదిలో.
కృపానిధి కాటా మీద పెట్టి తూస్తాడు,
ఎవరి బరువుకి వాళ్ల వాటా.
కాటా పళ్లెం అంచుకి ఎప్పుడూ కాస్త నెయ్యి,
మా అందరి పాటలకీ బాదుషా వాసన.

కిటుకులు కూడా వాళ్లవే.
"అక్కడక్కడా గీతలున్నాయి" అన్నవాణ్ణి నమ్ము,
"ఒక్క గీతా లేదు" అన్నవాణ్ణి నమ్మకు.
మూతపడబోయే దుకాణాన్ని ముందే పసిగట్టు.
రెజినాల్డ్ సారు ఒకసారి గొంతు తగ్గించి చెప్పారు:
అట్ట పోయినవి ఎవరూ కొనరమ్మా. కారుచౌక.

అట్ట పోయినవి!

పోలండులో వూచ్ అని ఒక ఊరు,
రాసేది ఒకలా, పలికేది ఇంకోలా.
నడుం మీది కర్ర ఆ ఊరి పేరుకీ ఉంది.
ఒకామె తన మేనమామ గది ఖాళీ చేస్తూ
అట్టలు తడిసి ముద్దైనవన్నీ అమ్మకానికి పెట్టింది.
నాలుగు యూరోలు.
అట్ట లేదు, సరేనా, అని రెండుసార్లు అడిగింది.
అట్ట నా దగ్గరుందని రాస్తే
చాలాసేపు ఏమీ రాలేదు.
తర్వాత వచ్చింది: ఎక్కడ?
ఎర్రగడ్డ, అని రాశాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

ఫారిన్ పోస్టాఫీసులో కళ్లజోడు సవరించుకుని
ఏముందమ్మా ఇందులో, అన్నాడాయన.
పాటలండీ.
పాతవా, కొత్తవా?
పాతవే. నాకు కొత్త.
ఏదో రాసుకుని స్టాంపు గుద్దాడు.

ఆ రాత్రి అట్టలోకి తోస్తే
మధ్యలో కాస్త బిగిసి, దిగింది.
వెనక నాలుగో పాట పక్కన పెన్సిలుతో ఎవరిదో టిక్కు.
ఏ ఫ్యాక్టరీకి వచ్చిన ఇంజనీరుదో,
అతను ఖాళీ చేసిన ఇంట్లో ఇంకెవరిదో.
ముందు అదే పెట్టాను.
బాగానే ఉంది. అంతే.
ఆరోదాంట్లో మాత్రం
ట్రంపెట్ మొదలయ్యే ముందు
మనిషి ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తుంది.
పక్కింటి కుక్కరు కూతకీ కూతకీ మధ్య
దాన్ని మూడుసార్లు వెనక్కి పెట్టి విన్నాను.
అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది, చేతిలో గరిటెతో.
ఏమీ అడగలేదు.

ఇంట్లో పెన్సిలు కనపడలేదు.
ఆరోదాని పక్కన
కాటుక పెన్సిలుతో టిక్కు పెట్టాను.