యాభై రెండు పోగులు

కోయిలకుంట్ల దాటినాక సీడు పత్తి చేలు.
ఆడవరసలు నాలుగు, మగవరస ఒకటి.
పొద్దు వాలేటప్పుడు మా అమ్మ ఉసేనమ్మ
రేపు విచ్చబోయే మొగ్గను ఎంచుకొని
బొటనగోటితో మొదట్లో గీసి
రేకుల్నీ పుప్పొడి తిత్తుల్నీ ఒక్క తిప్పుకు ఊడదీస్తుంది.
మిగిలిన ఒంటి కాడకు ఎర్రకాగితం గుర్తు.
తెల్లారి మగపువ్వును తెచ్చి
గడపకు పసుపు రాసినట్టు రుద్దుతుంది.
గోటికింది నలుపు పండగనాడు కూడా పోదు.

నేను ఆ చేలోవే,
ఇంకా జొన్నగింజంత ఉన్న మొగ్గల్ని
స్పిరిట్ సీసాలో కర్నూలు కాలేజీకి తీసుకుపోయినా.
ఎర్రరంగు వేసి, దీపం సెగ చూపి,
గాజుపలకల నడుమ వేలితో అదిమితే
కనపడినాయి పోగులు.
జతకు జత పెనవేసుకొని,
అక్కడక్కడ ముక్కలు మార్చుకొని,
ఆనక దేని దోవ అది.
సగం ఈ గదిలోకి, సగం ఆ గదిలోకి.
ఎవరు ఎటు పోవాలో చెప్పే మేస్త్రీ లేడు.

మద్దిలేటి మామ ఒక ఏడు సంచి కొనలేక
కిందటేటి హైబ్రిడ్ గింజల్నే దాచి పెట్టినాడు.
కిందటేడు ప్రతి పూవుకూ రేకు అడుగున ఎర్రమచ్చ.
ఈసారి నాలుగు చెట్లకొకటి, సుమారుగా,
మచ్చే లేకుండా పూసింది.
పక్కచేను తేనెటీగలే చెడిపినాయని
కట్టె పట్టుకొని పోతాంటే అమ్మ అడ్డం నిలబడింది.
"ఎవురూ చెడపలేదన్నా.
ముసల్ది, అవ్వ, తిరిగొచ్చింది.
పోయినేడు మచ్చ చాటున కూర్చోనుండె, అంతే."

నేను పుట్టినప్పుడు
నా పిల్లికండ్లు చూసి మా నాయన
పదకొండు దినాలు ఇంటికి రాలేదంట.
నల్లకండ్ల మొగుడు, నల్లకండ్ల పెండ్లాం.
ఊరు లెక్క తేల్చేసింది.
అటొకరు, ఇటొకరు, పేర్లు కూడా మిగలనోళ్లు
ఎన్నో కాపుల చాటున నడిచొచ్చి
నా దగ్గర కలుసుకున్నారని
చెప్పే నోరు అప్పుడు ఆమెకు లేదు.
నాయన తిరిగొచ్చినాడు.
ఎందుకొచ్చినాడో చెప్పలేదు. ఆమె అడగలేదు.

మొన్న కార్తీకంలో లాబుకు పిల్చకపోయినా.
చూసే కన్ను మూసి, మూయాల్సిన కన్ను తెరిచి,
చాలాసేపటికి దొరకబట్టింది.
"పురుగులా ఇవి?"
"కాదు మా, పోగులు. అన్నీ వీటిలోనే రాసుంటాయి."
"ఎన్ని?"
"పత్తికి యాభై రెండు."
"మనకు?"
"నలభై ఆరు."
కొంగుతో కటకం తుడిచి
మళ్లీ ఒకసారి వంగి చూసింది.
"ఆరు తక్కువ," అనింది,
"అందుకేనేమోలే, దానికి మనం కూలి చేసేది."