జల్లెడ

బస్తాల లాట్ మీదికెళ్లి పడ్డనాటి సంది
మిర్యాలగూడ నాకు వాసన లేని ఊరు.

డాక్టరు చీటీ ఎనుక గీసి చూపిండు:
రెండు కండ్ల నడుమ, లోపట,
ఎముకల ఒక జల్లెడ ఉంటదట.
దాని బెజ్జాలల్లకెళ్లి సన్నటి దారాలు దిగి
ముక్కు తడిల వేలాడుతయట.
గాలిల వచ్చిన నలుసు ఆ తడిల కరిగి
ఏ దారాన్ని ముట్టితే
మెదడు ఆ పేరు పెట్టి పిలుస్తదట.

తల అదిరింది, దారాలు తెగినయి, అన్నడు.

ఇరవై ఏండ్లు మిల్లుల జల్లెడ కాడ నిలవడ్డోన్ని,
నా ముఖంల ఒకటున్నదని ఎరుకే లేకపాయె.

దారాలు మళ్ల మొలుస్తయట గని
అన్నిటికీ పాత తావు దొరకదట.
ఆరో నెలల
సైదమ్మ చాయ పోస్తే టైరు కాలినట్టు.
కొత్తిమీర, కిరసనాయిలు.
బిడ్డ తలనూనె సంగతి చెప్పరాదు.
సైదమ్మ గిలాస తీస్కపోయి
ఏమనకుండ కడిగింది.

నిన్న తెల్లారి తొట్లు తెరిచిన్రు.
ఉడికిన వడ్ల పులిసిన వాసన,
బస్సులోళ్లు ముక్కు మూసుకొని అద్దాలు దించే వాసన,
వేరే పేరేం పెట్టుకోకుండ
సక్కగ వచ్చింది.

పని చూడర అని గుమస్తా అరిసిండు.
జర ఆగు సారూ,
ఊరొచ్చింది.