నేలలో నలభై ఎనిమిది చిల్లులు

నాకు చదువుల సంగతి తెలియదు.
బల్లల సంగతి తెలుసు.
నారిన్ కొండల్లో ఈ బడికి
ముప్పై నాలుగేళ్లుగా నేనే వడ్రంగిని,
చలికాలం పొయ్యిలో బొగ్గు వేసేదీ నేనే.

మొదట కచ్కిన్‌బాయ్ హెడ్మాస్టరు.
"బల్ల కదిలితే బుద్ధి కదులుతుంది" అనేవాడు.
పన్నెండు బల్లలు, బల్లకు నాలుగు మరలు,
బిర్రుగా నేలకు బిగించాను.
ఆయన లోపలికొస్తే
ఇరవై నాలుగు జతల బూట్లు
ఒక్క చప్పుడై లేచేవి.
వెనక వరసలో తొలొగోన్ అనే పిల్లాడు
మూడేళ్లూ ముందువాడి మెడనే చదివాడు.
ఆ మెడ మీద పుట్టుమచ్చ ఎక్కడుందో
ఇప్పటికీ చెబుతాడు.

అబద్ధమెందుకు,
నేనూ అలాంటి బల్ల మీద కూర్చున్నవాణ్ణే.
చెక్క కొలిచేటప్పుడు
పదిహేడో ఎక్కం దానంతటదే నోట్లోంచి వస్తుంది.
ఎవరు నేర్పారని అడిగితే మాత్రం
ముందు నా చెవి గుర్తొస్తుంది,
తర్వాతే ఆయన ముఖం.

ఆయన పోయాక బిష్కెక్ నుంచి ఒకావిడ వచ్చింది.
చేతిలో రంగుకాగితాలు,
కాళ్లకు పల్చటి చెప్పులు, అంత మంచులో!
"గుండ్రంగా వేయండి" అంది.
మరలు విప్పడానికి రెండు రోజులు పట్టింది.
కొన్ని విరిగాయి. ఆ ముక్కలు ఇంకా నేలలోనే ఉన్నాయి.
మాట్లాడుకోమంటే పిల్లలు
ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వారు.
అప్పటిదాకా వాళ్లకు తెలిసినవి వీపులే కదా.
నవ్వు ఆగాక ఏం చెయ్యాలో
ఆవిడ కాగితాల్లో లేదు.

ఇంకో ఏడు, పరీక్షలవాళ్లు.
బల్లకూ బల్లకూ నూట ఇరవై సెంటీమీటర్లు.
టేపు పట్టుకుని నా వెనకే తిరిగారు,
నా చేతివాటం మెచ్చుకున్నారు.
బొగ్గు అయిపోయిందని
ఎవరూ రాసుకోలేదు.

పోయిన నవంబర్లో అయినగుల్ టీచరు పిలిచి
"బల్లలన్నీ గోడకు చేర్చు, చాలు" అంది.
పొద్దున్నే పిల్లల్ని అడిగింది:
"ఎవరి బల్ల ఎక్కడ?"
అది తరగతా, సంతా!
అందరికీ పొయ్యి పక్కనే కావాలి.
బురుల్చాకు మాత్రం కిటికీ,
మంద దిగేటప్పుడు నాన్న కనిపిస్తాడట.
ఒకడు తన బల్లను గుమ్మంలోకి ఈడ్చుకెళ్లి
తలుపు మూయనివ్వడు.
పార పట్టుకుని నిలబడి
ఈవిడ పని ఇక అయిపోయిందనుకున్నా.

ఆవిడ అరవలేదు.
ఒక తాడు, ఒక థర్మామీటరు తెచ్చి పెట్టింది.
"పొయ్యికి ఎంత దూరంలో ఎంత వెచ్చన?
అది కనుక్కుని, అప్పుడు కొట్టుకోండి."
మధ్యాహ్నానికి నేలంతా సుద్ద గీతలు.
వారానికోసారి చోటు మారాలని
వాళ్లే రాసుకున్నారు, తప్పులతో, సంతకాలతో.
బురుల్చా సంతకం పెట్టలేదు.
కిటికీ ఆమెకే వదిలేశారు.

ఆ గీతలు గీస్తుండగానే
మిర్లాన్ వేలు ఒక చిల్లులో ఇరుక్కుంది.
"ఇవేంటి?"
లెక్కపెట్టారు. నలభై ఎనిమిది.
ఒకదాంట్లో పొద్దుతిరుగుడు గింజల పొట్టు,
ఒకదాంట్లో ఎప్పటిదో, ఎవరిదో, పాలపన్ను.
టీచరుకు తెలియదు.
తెలియదని పిల్లల ముందే చెప్పేసింది.
కచ్కిన్‌బాయ్ ఉండి ఉంటే
ఆ మాటకే కుర్చీలోంచి పడేవాడు.
తర్వాత నా వైపు తిరిగింది.
"ఈయనకు తెలుసు."

బొగ్గు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాను.
ఈ గదిలో ఏ బల్ల ఎక్కడుండాలో
ఇన్నేళ్లూ నా చేతులే చూసుకున్నాయి.
నేనెక్కడ నిలబడాలో తెలియలేదు.
నల్లబల్ల దగ్గరికి వెళ్లబోయి
ఆగాను.

గుమ్మంలో వాడు
కొంచెం పక్కకు జరిగాడు.