వెయ్యికి ఇరవై నాలుగు కొసరు

కంచరపాలెం పాలిటెక్నిక్‌లో
ల్యాబుకి వెళ్ళేముందు చేతులు మూడుసార్లు కడుక్కుంటాను.
అయినా కీబోర్డు మీద వంజరం వాసన.
తెల్లారి నాలుగింటికి ఫిషింగ్ హార్బరులో
నాయనమ్మతో గంప పట్టిన చేతులివి.

వసంతలత మేడం బోర్డు మీద రెండే అంకెలు రాసింది.
సున్న. ఒకటి.
"మిషనుకి తెలిసినవి ఈ రెండే" అంది.
వెనక బెంచీలో ఎవడో
"నా మార్కులు కూడా అవే మేడం" అన్నాడు.

మర్నాడు త్రాసు ముందు కూర్చున్నప్పుడు తెలిసింది నాకు.
నాయనమ్మ దగ్గర నాలుగే రాళ్ళు:
కిలో, రెండు, నాలుగు, ఎనిమిది.
పెద్దవి రెండూ తాత ఒడ్డున ఏరి తెచ్చిన గుండ్లు,
తూనికలోళ్ళు వస్తే గంప కింద దాక్కుంటాయి.
హోటలాయన పదమూడు కిలోల సూర అడిగాడు.
ఎనిమిది పెట్టింది, నాలుగు పెట్టింది,
రెండు పక్కకి తోసింది,
ఒకటి పెట్టింది.
ఒకటి, ఒకటి, సున్న, ఒకటి.
నోట్సులో అదే రాసుకున్నాను.
పేజీకి పొలుసు అంటుకుంది.

"ఏటే గుంటా, రాళ్ళకేసి అలగ సూస్తన్నావ్?"
"నాయనమ్మా, నువ్వు బైనరీ."
"నీయమ్మే బైనరీ" అంది, తిట్టనుకుని.

కానాగంతలు ఆమె లెక్కపెట్టేది పుంజీల్లో.
నాలుగు బిట్లయితే నిబుల్ అని పుస్తకంలో ఉంది,
నేను పుంజీ అనే చదువుకున్నాను.
రెండు పుంజీలు ఒక బైటు.
పరీక్షలోనూ అలాగే రాస్తే
మేడం ఎర్రసిరాతో కొట్టెయ్యబోయి, ఆగి,
అరమార్కు ఇచ్చింది.

పదహారు లెక్క దగ్గర క్లాసంతా తడబడింది.
తొమ్మిది దాటాక ఏ ఏమిటి, బీ ఏమిటి,
ఎఫ్ పదిహేను ఎలాగవుతుంది?
నాయనమ్మ వేరే మాటల్లో ఉండగా చెప్పేసింది:
"మాయమ్మ కాలంలో రూపాయికి పదారణాలు.
పదేనణాలున్నా రూపాయి కాదు.
ఇంకో అణా పడిందా,
అణాలన్నీ పోయి ఒక్క రూపాయి,
దాని పక్కన ఏటీ ఉండదు."
ఏటీ ఉండదు.
ఒకటి పక్కన సున్న, పదహారు.

కిలో అంటే వెయ్యి, త్రాసు ఎరిగిన సంగతే.
మిషనుకి మాత్రం
ఒకటిని పదిసార్లు రెట్టిస్తే గాని కిలో కాదు.
వెయ్యిన్ని ఇరవై నాలుగు.
పై ఇరవై నాలుగూ కొసరు అనుకుని మురిసిపోయాను.
డాబాగార్డెన్స్‌లో పెన్‌డ్రైవ్ కొన్నాను,
మూడు వారాల గంపమోత డబ్బు.
అట్ట మీద ముప్పై రెండు జీబీ.
లోపల ఇరవై తొమ్మిదీ ముప్పాతికా, కాస్త చిల్లర.
మోసం కాదంది మేడం.
అమ్మేవాడు వెయ్యి చొప్పున కొలుస్తాడట,
మిషను తన కిలోల్లో చూపిస్తుందట.
నాయనమ్మ ఒప్పుకోలేదు.
"కొసరెయ్యనోడి కాడికి మల్లీ ఎవుడెల్తాడే?"

నిన్న ల్యాబులో ఇంకో సంగతి తెలిసింది.
ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు,
మన అక్షరానికి మూడు.
దీర్ఘానికి మూడు, ఏత్వానికి మూడు,
ఒత్తు తగిలించే పొల్లుకి కూడా మూడు.
"బరువెక్కువ భాష" అన్నాడు వెనక బెంచీవాడు.

నేను ఖాళీ ఫైలు తెరిచి
వేలిముద్ర తప్ప సంతకం లేని మనిషి పేరు కొట్టాను.
మాసేనమ్మ.
మ, దీర్ఘం, స, ఏత్వం,
న, మ, పొల్లు, మ.
రెండు పుంజీలు. ఒక్కోటీ మూడేసి.
సైజు చూశాను.

ఇరవై నాలుగు.

వెయ్యి కొలిచి పోసేశాక
పైన వేసే కొసరులో
సరిగ్గా పట్టింది నాయనమ్మ.
సేవ్ నొక్కాను.
ఈసారి చేతులు కడుక్కోలేదు.