తొంభై ఆరు జీబీ

రెండు రాత్రులు పట్టింది ఆట దిగేదానికి.
మురకంబట్టులో కరెంటు పోయినప్పుడల్లా
నలభై ఒక్క శాతం కాడ నిలబడి
అలిగిన అల్లుడి మాదిరి కదిలేది కాదు.

మూడేండ్లుగా ట్రైలర్ చూస్తా ఉండాం
నేనూ, ఖాజాపీరూ.
రెండు నిమిషాల పన్నెండో సెకనులో
మూడో చంద్రుడి మీద ఒక తలుపు తెరుచుకుంటుంది.
వెనక వెలుగు.
వెలుగులో ఏదో కదిలేలోపల, కట్.
ఆ ఏదో కోసం
వాడు జ్యూస్ ఫ్యాక్టరీలో రాత్రంతా టెంకలు ఎత్తిపోసినాడు,
నేను వేబ్రిడ్జి గదిలో కూర్చొని లారీల బరువు రాసినాను,
ఢిల్లీబాబు చీటీని నష్టానికి పాడి
గ్రాఫిక్స్ కార్డు కొన్నాను.

ఆదివారం సాయంత్రం మొదలుపెట్టినాం.
తుపాకి బాగుంది, అబద్ధం ఎందుకు.
నీలం మంట. కాలిన ఇనుము నీళ్లలో ముంచిన చప్పుడు.
మొదటి రాకాసి కూలినప్పుడు
ఖాజా మంచం మీది నుంచి లేచి నిలబడినాడు.
రెండోది కూడా అట్లే కూలింది,
ఎడమ మోకాలు ముడిచి, కుడిచెయ్యి పైకెత్తి.
ముప్పయ్యోదీ అట్లే.
"అన్నీ ఒకే అమ్మ బిడ్డలేమోరా" అన్నాడు.

నాకు తోడిచ్చిన సైనికుడు
గోడకు మొహం ఆనించి నడుస్తానే ఉన్నాడు.
"మనం గెలుస్తాం కెప్టెన్" అంటాడు,
గోడతో.

ఇద్దరూ కలిసి ఆడొచ్చు అని చెప్పింటిరి.
అక్కడ నొక్కితే 'త్వరలో' అని వచ్చింది.
వాడు జీతంలో కొనుక్కొచ్చిన జాయ్‌స్టిక్కు
కవరు చించకుండానే ఒళ్లో ఉండిపోయింది.
సరే, చచ్చినోడు పక్కోడికి ఇయ్యాల అనుకున్నాం.
వాడు నిమిషానికోసారి చస్తా ఉంటే
ఆట రాదు పాపం అనుకున్నాను.
కావాలనే చస్తా ఉండాడని
నాకు తెలిసేటప్పటికి పదకొండయింది.

ఆ తలుపు వచ్చింది.
అదే తుప్పు, అవే పసుపు గీతలు.
ఇద్దరం మాట్లాడలేదు.
దగ్గరికి పోతే అది తలుపు కాదు,
గోడకు అంటించిన తలుపు బొమ్మ.
కాల్చినాను. బాంబు వేసినాను.
మసి కూడా అంటలేదు.
తరవాత తెర నల్లబడి అక్షరాలు వచ్చినాయి:
మిగిలిన కథ రెండో భాగంలో,
ఎనిమిది వందల తొంభై తొమ్మిది.

ఐదు గంటల ఆట.
మూడేండ్లు.

ఖాజా తిట్టలేదు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటా
"ఆ పాలసముద్రం ఆయన కూడా ఇట్లే చూసినాడురా
మొన్న మీ బోర్డుని" అన్నాడు.

మొన్న.
తోతాపురి లోడుతో మూడు రాత్రులు
గేటు బయట రోడ్డు మీద పడుకున్న దొరసామి.
కిలో ఎనిమిది రూపాయలు అని
సుద్దముక్కతో రాసింది నేనే.
ఆయన ట్రాక్టరు కాటా ఎక్కే పొద్దుకు
తడిగుడ్డతో తుడిచి
ఐదు అని రాసిందీ నేనే.
పైనుంచి ఫోన్ వచ్చింది, నేనేం చేసేది.
ఆయన నన్నొక మాట అనలేదు.
బోర్డు కాడికి వచ్చి
ఎనిమిది ఉన్న చోట వేలితో రుద్ది చూసినాడు,
కింద ఇంకేమైనా ఉందేమో అని.

నైట్ షిఫ్టుకని ఖాజా పోయినాడు.
వాడు ఆనుకున్న దిండుకి మామిడిరసం పులిసిన వాసన.
కంప్యూటరు అడుగుతా ఉంది:
తీసేయమంటారా? తొంభై ఆరు జీబీ ఖాళీ అవుతుంది.
వద్దు అని నొక్కి
మళ్ళీ లోపలికి పోయినాను.

సైనికుడు ఇంకా నడుస్తానే ఉన్నాడు.
కాల్చబుద్ధి కాలేదు.
వాడి పక్కన నిలబడి
జాయ్‌స్టిక్కు పుల్ల ముందుకు తోసి
కొంచేపు నేను కూడా
గోడలోకి నడిచినాను.