చల్లారని బూడిద

ఆటోనగర్లో ఇనుము కోసే చేతులు నావి.
కొండపల్లి కొండంటే నాకు
రైలు కిటికీలో ఒక పచ్చ మరక,
పక్కన థర్మల్ పొగగొట్టాలు. అంతే.

మొదటి ఆదివారం
నా కొత్త కత్తి చూసి చెంచురత్తం నవ్వింది:
"ఎవర్ని పొడవడానికయ్యా?"

నులితడ నార ఒలిచి తొడ మీద పేనమంది.
పేనితే తెగింది. మళ్లీ తెగింది.
"పక్క కొమ్మ జోలికి పోకు,
అది వచ్చే ఏడాదిది."

దూసరాకు నలిపి నీళ్లలో పిండితే
దొన్నెలో జున్నులా పేరుకుంది.
మా షెడ్డు వెనక కంచెకు పాకిన ఈ తీగనే
ఇన్నేళ్లూ పీకి పారేశాను.

నిప్పు మాత్రం
నాలుగో ఆదివారానికి గానీ పుట్టలేదు.
అరచేతుల్లో బొబ్బలు,
రెండు పుల్లల మధ్య నల్లటి పొడి,
అందులో మిణుగురంత ఎరుపు.
వెల్డింగ్ మంట ముందు ఎన్నడూ
ఇలా ఊపిరి బిగబట్టలేదు నేను.

టీ తాగి లేవబోతుంటే ఆపింది.
నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి
"అరచెయ్యి ఆనించి చూడు.
వెచ్చగా ఉందంటే
నువ్వింకా వెళ్లలేదన్నమాట."

ఆనించాను.
కింద ఎక్కడో, రాతిలో, కాస్త వెచ్చన.

ఆఖరి బస్సు పోయింది.
కూర్చున్నాం.